“ఎలాగూ అంతదూరం వెళ్తున్నాం కదా” అన్నప్పుడు వేయాల్సిన లెక్క

మా బావగారు ఆ మాట అనేసరికి నేను పొయ్యి దగ్గర అట్టు తిప్పుతున్నాను. “ఎలాగూ కాశీ దాకా వెళ్తున్నాం కదా, అయోధ్య కూడా వేసేద్దాం” అన్నారు. మా అక్క వెంటనే నైమిశారణ్యం అంది. మా ఆయన చిత్రకూటం అన్నారు. అదెక్కడుందో ఆయనకి తెలీదు, ఆఫీసులో ఎవరో చెప్పారట. అట్టు మాడింది. ప్లేట్లు తీసేలోపు మా కాశీ యాత్ర ఎనిమిది ఊర్లయింది.

నేను ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి అర్థశాస్త్రం చెప్పి 2022లో రిటైరయ్యాను. ఉపాంత వ్యయం (ఇంకొకటి కలిపితే పెరిగే ఖర్చు), క్షీణోపాంత ప్రయోజనం (ఒకదాని తర్వాత ఒకటి వచ్చేకొద్దీ తగ్గే తృప్తి) అని బోర్డు మీద ఎన్నిసార్లు రాశానో లెక్కలేదు. ఇంట్లో వాటితో పని పడింది మాత్రం 2024 ఫిబ్రవరిలో చేసిన ఈ యాత్రకే. తాడేపల్లిగూడెం నుంచి ఐదుగురం వెళ్లాం: నేను, మా ఆయన, 76 ఏళ్ల మా అత్తయ్యగారు, అక్క, బావగారు. ఏ ఊరు ఉంచాలో, ఏది తీసేయాలో ఎలా తేల్చుకున్నామో రాస్తున్నాను. మీరు వెళ్లేది అరుణాచలం, మధురై, రామేశ్వరం అయినా పద్ధతి మారదు.

ముందు “ఎలాగూ” సంగతి. ఆ మాటలో సగం నిజం ఉంది. విజయవాడ నుంచి కాశీకి ఐదుగురికి త్రీ టైర్ ఏసీ పోను రాను 20 వేల దాకా తేలింది. పోవడానికి ఒక రాత్రి, ఒక పగలు, మళ్లీ ఒక రాత్రి. రావడానికీ అంతే. పాలవాడికి చెప్పడం, తులసి కోటకి నీళ్లు పోయమని పక్కింటావిడకి తాళాలివ్వడం, బావగారు ఎరువుల కొట్టు గుమాస్తాకి అప్పగించడం, ఇవన్నీ ఒక్క ఊరు చూసినా ఆరు ఊర్లు చూసినా ఒకటే. దీన్నే క్లాసులో స్థిర వ్యయం అనేవాళ్లం. అది పెద్దదైతే ఇంకో ఊరు కలుపుకోవాలనిపించడం సహజం.

‘కాశీయాత్ర చరిత్ర’ రాసిన ఏనుగుల వీరాస్వామయ్య గారు 1830 మే నెలలో మద్రాసు నుంచి కాశీకి బయలుదేరి 1831 సెప్టెంబరులో ఇల్లు చేరారు. పోయేటప్పుడు తిరుపతి, హైదరాబాదు, నాగపూరు మీదుగా వెళ్లారు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ మీదుగా మన కోస్తా వెంట దిగారు. వెళ్లిన దారిన తిరిగి రాలేదు. బోయీలతో, పెద్ద పరివారంతో పదిహేను నెలలు పెట్టుబడి పెట్టినాయన దారిలో ఉన్న క్షేత్రాన్ని వదులుకుంటారా? అదే హైదరాబాద్‌లో విమానం ఎక్కి కాశీలో దిగే పిల్లలకి “మళ్లీ వద్దాంలే” అనడం తేలిక. వాళ్లు రెండు రోజులకి ఒక్క ఊరే చూసి వచ్చేస్తే మనం విడ్డూరంగా చూస్తాం. వాళ్ల స్థిర వ్యయం ప్రకారం వాళ్లు చేస్తున్నది సరైనదే.

రెండో సగంతోనే చిక్కు. బావగారు అడిగారు: “ఇంతకీ గయకి ఎంతవుద్ది?”

ఆ ప్రశ్నకి జవాబు లేదు. రైలు టికెట్ల 20 వేలలో గయ వాటా ఎంత, ప్రయాగ వాటా ఎంత? ఎలా పంచినా అది మనం కల్పించుకున్న పంపకమే. 1947లో హెరాల్డ్ హోటలింగ్ అనే అమెరికన్ అర్థశాస్త్రవేత్త అక్కడి జాతీయ పార్కుల శాఖకి ఒక ఉత్తరం రాశారు. జనం ఎంత దూరం నుంచి, ఎంత ఖర్చు పెట్టుకుని వస్తున్నారో చూస్తే ఆ పార్కు వాళ్లకి ఎంత విలువైనదో లెక్కకట్టొచ్చని ఆయన ఆలోచన. బాగానే ఉంది. మరి ఒకే ప్రయాణంలో మూడు పార్కులు చూసినవాడి పెట్రోలు ఖర్చు ఏ పార్కు పద్దులో రాయాలి? ఆ పద్ధతి వాడేవాళ్లని ఈ ప్రశ్న ఇప్పటికీ తిప్పలు పెడుతోంది. ఇక మా భోజనాల బల్ల దగ్గర తేలుతుందా!

అందుకని ప్రశ్నే మార్చాను. “ఈ ఊరికి ఎంతవుతుంది” కాదు, “ఈ ఊరు తీసేస్తే చేతిలో ఏం మిగులుతుంది” అని అడగాలి. దీనికి జవాబు ఉంటుంది. పైగా ఎవరూ పోట్లాడలేని జవాబు.

రిజిస్టర్లో నాలుగు గళ్లు

ఇంట్లో వాడని అటెండెన్స్ రిజిస్టరు ఒకటి ఉంది. పిల్లల పేర్లు రాసే చోట ఊళ్ల పేర్లు రాశాను. పక్కన మూడు గళ్లు: తీసేస్తే మిగిలే డబ్బు, తీసేస్తే మిగిలే పూటలు, ఎవరికి కావాలి.

రోజుల్లో కాకుండా పూటల్లో లెక్కపెట్టడానికి కారణం ఉంది. మకాం మార్చిన ప్రతిసారీ ఒక పూట పోతుంది. సామాను సర్దడం, గది ఖాళీ చెయ్యడం, ఆటో బేరం, కొత్త చోట “గది పన్నెండింటికిస్తాం” అంటే వరండాలో బ్యాగుల మీద కూర్చోవడం. రోజుల లెక్కలో ఇది కనిపించదు. “ఒకరోజు ప్రయాగ, ఒకరోజు అయోధ్య” అని కాగితం మీద రాస్తే ఎంత ముచ్చటగా ఉంటుందో! అందులో సగం రోజు బ్యాగుల మీదే గడుస్తుంది.

సారనాథ్ కాశీకి పది కిలోమీటర్లు. తీసేస్తే 800 రూపాయలు, ఒక పూట మిగులుతాయి. చర్చ లేకుండా ఉంచేశాం.

వింధ్యాచలం గడి దగ్గర అసలు సంగతి బయటపడింది. కాశీ నుంచి విడిగా వెళ్లొస్తే కారుకి 3,500. ప్రయాగ వెళ్లే రోజునే ఆగితే డ్రైవరు అదనంగా అడిగింది 700. ఊరు అదే, అమ్మవారూ అదే. పక్కన ఇంకో ఊరు ఉందా లేదా అన్నదాన్ని బట్టి ధర మారిపోయింది. కాబట్టి ఒక్కో ఊరినే కాకుండా జంటగా కూడా తీసి చూడండి. ప్రయాగ తీసేస్తే వింధ్యాచలం ఖర్చు ఐదింతలవుతుంది.

అయోధ్యకి పెద్ద లెక్కే వేశాను. కాశీ నుంచి అయోధ్య సుమారు 210 కిలోమీటర్లు, ప్రయాగ 125. రెండింటికీ విడివిడిగా వెళ్లొస్తే 670. కాశీ, అయోధ్య, ప్రయాగ, మళ్లీ కాశీ అని ముక్కోణంలో తిరిగితే, అయోధ్య నుంచి ప్రయాగ 170 కాబట్టి, మొత్తం 505. అంటే 165 కిలోమీటర్ల కారు కిరాయి మిగులుతుంది. బావగారు బల్ల మీద చరిచారు. “చూశావా, అయోధ్య దాదాపు ఫ్రీ!”

ఫ్రీ కాదు. అయోధ్యలో రాత్రి ఉండాలి. మా అత్తయ్యగారు కాశీలో తొమ్మిది నిద్రలు చెయ్యాలని ఎప్పుడో అనుకున్నారు, మధ్యలో బయట పడుకోనంటారు. కాశీ గదులు వదిలి వెళ్తే సామాను ఎక్కడ పెట్టాలి? వదలకపోతే ఒకే రాత్రికి రెండు ఊళ్లలో అద్దె. దానికి తోడు జనవరి 22న ప్రాణప్రతిష్ఠ జరిగి నెల కూడా కాలేదు. మేం ఫోన్ చేసిన చోటల్లా గది దొరకలేదు, దొరికిన చోట అద్దె కళ్లు తిరిగేలా ఉంది. అయోధ్య తీసేస్తే 12 వేలు, నాలుగు పూటలు మిగులుతాయని తేలింది. పైగా 2023 డిసెంబరు నుంచి అక్కడ విమానాశ్రయం ఉంది. అది ఇంకోసారి విడిగా వెళ్లగలిగే ఊరు. మళ్లీ వెళ్లడం తేలికైన ఊరిని ముందు తీసేయండి, కష్టమైనదాన్ని ఉంచండి. మా అక్క రెండు రోజులు నాతో ముభావంగా ఉంది. నైమిశారణ్యం, చిత్రకూటం గళ్లు నింపే అవసరమే రాలేదు.

సీసాలో ఇసుక

కొన్ని ఊళ్లకి ఈ లెక్క పనికిరాదు. 2018లో రామేశ్వరం వెళ్లినప్పుడు అత్తయ్యగారు సేతువు దగ్గరి ఇసుక హార్లిక్స్ సీసాలో పట్టుకొచ్చారు. దాన్ని ప్రయాగ త్రివేణిలో కలపాలి, అక్కడి గంగ తీసుకెళ్లి రామేశ్వరంలో అభిషేకం చెయ్యాలి, అప్పటికిగానీ కాశీ యాత్ర పూర్తికాదు. ఆరేళ్లు ఆ సీసా మా పూజగదిలో విభూతి పక్కన కూర్చుని నన్ను చూసింది. ఇక ప్రయాగ తీసేస్తే ఎంత మిగులుతుందని అడగడంలో అర్థముందా? కారు, పడవ, దక్షిణలు కలిపి పదివేల ఐదొందలు. రాశాను, కొట్టేశాను.

పాఠంలో వీటిని పూరక వస్తువులు అంటాం. కలానికి సిరాలాగా ఒకటి లేకపోతే రెండోదానికి విలువ తగ్గుతుంది. కాశీ, ప్రయాగ, గయ అలాంటి జట్టు. ప్రత్యామ్నాయాలు వేరు. ఒకటి చూస్తే రెండోదాని మీద మోజు తగ్గుతుంది. నలుగురు కూర్చున్నప్పుడు ముందు ఇది అడగండి: మన జాబితాలో ఒకదాన్నొకటి పట్టుకునే ఊళ్లేవి, ఒకదాని బదులు ఒకటి సరిపోయేవేవి? దీనికి జవాబు మ్యాపులో దొరకదు. మా ఇంట్లో అది హార్లిక్స్ సీసాలో దొరికింది.

సంగమంలో పడవవాడు మొదట ఐదువేలన్నాడు, రెండువేలకి దిగాడు. గోధుమ రంగు గంగ, పచ్చటి యమున కలిసే గీత దగ్గర అత్తయ్యగారు సీసా మూత తియ్యబోతే రాలేదు. ఆరేళ్లకి తుప్పు పట్టేసింది. పడవవాడే తెడ్డు పక్కన పెట్టి తిప్పి ఇచ్చాడు. దానికి మాత్రం డబ్బులడగలేదు.

మకాం ఒకచోటా, తిరుగుడా?

తొమ్మిది నిద్రలు అడ్డంకి అనుకున్నాను. చివరికి అదే మాకు కలిసొచ్చింది. కాశీలో గదులకి తొమ్మిది రాత్రులూ ఎలాగూ అద్దె కడుతున్నాం, ఇక్కడ “ఎలాగూ” న్యాయమే. కాబట్టి పగలు వెళ్లి రాత్రికి తిరిగొచ్చే ఊళ్లకి బస ఖర్చు సున్నా. ప్రయాగ, వింధ్యాచలం, సారనాథ్ అలా కాశీ ఒడిలోనే అయిపోయాయి. వృద్ధులుంటే ఒకచోట మకాం పెట్టి చుట్టూ తిరగడమే మేలు. మందుల డబ్బా, వేడినీళ్ల బకెట్టు, రాత్రి బాత్రూం దారి, ఇవన్నీ ఒక్కసారి అలవాటైతే చాలు.

గయ 250 కిలోమీటర్లు. ఒక్కరోజులో వెళ్లొచ్చేవాళ్లు ఉన్నారు, తెల్లవారుజామున మూడింటికి బయలుదేరతారు. మేం దాన్ని తొమ్మిది నిద్రల తర్వాతకి జరిపాం. అక్కడే ఇంకో లెక్క మొదలైంది. గయ నుంచి వెనక్కి కాశీకి వచ్చి, విజయవాడ బండెక్కి ఇల్లు చేరితే ఐదుగురికి 13 వేలు. అలా కాకుండా గయ నుంచి పూరీ, పూరీ నుంచి కోస్తా మీదుగా తాడేపల్లిగూడెం వస్తే టికెట్లు దాదాపు 12 వేలు, రెండు రాత్రుల గదులు, తిండి, ఆటోలు ఎనిమిది వేలు. అంటే పూరీ తీసేస్తే మిగిలేది ఏడువేలే. ఇంటి నుంచి పూరీకి విడిగా వెళ్లొస్తే 19 వేలు దాటుతుంది. వెళ్లిన దారిన తిరిగి రాకపోవడంలో ఉన్న లాభం ఇదే, వీరాస్వామయ్య గారి పద్ధతి. బావగారు కొట్టు గురించి గొణిగారు. నేను రిజిస్టరు చూపించాను.

డబ్బు లెక్క తప్పలేదు. పూటల లెక్కలో పప్పులో కాలేశాను. గయలో విష్ణుపాదం, ఫల్గు నది ఒడ్డున పిండప్రదానం, అక్షయవటం దగ్గర కాయా పండూ వదలడం, అన్నీ నేల మీద కూర్చుని లేచే పనులు. 2022లో రబ్బరు డ్యామ్ కట్టాక ఫల్గులో నీళ్లు నిలుస్తున్నాయి, నీళ్ల కోసం ఇసుక తవ్వాల్సిన పని లేకపోయింది. అయినా మధ్యాహ్నానికి అత్తయ్యగారి కాళ్లు వాచిపోయాయి. పూరీలో మొదటి రోజంతా గదిలో కాళ్లు దిండు మీద పెట్టుకుని పడుకున్నారు. రెండోరోజు దర్శనమయ్యాక “దేవుళ్లందరూ ఒకేలా కనిపిస్తున్నారే అమ్మాయ్” అన్నారు. క్షీణోపాంత ప్రయోజనం గురించి నేను ముప్పై ఏళ్లు చెప్పింది ఆవిడ ఒక్క ముక్కలో చెప్పారు. ఆనందబజారులో మట్టికుండల్లో మహాప్రసాదం మాత్రం ఇష్టంగా తిన్నారు. అందరికంటే ఎక్కువ తిన్నది బావగారు.

నేను మర్చిపోయింది ఇది: రెండోరోజు పూట, పదమూడోరోజు పూట ఒకటి కావు. రిజిస్టర్లో రెండింటికీ ఒకే అంకె వేశాను. ఇప్పుడైతే పదో రోజు దాటాక ప్రతి పూటనీ రెండుగా లెక్కేస్తాను. అందరికంటే నీరసంగా ఉన్నవాళ్లకి అందరికంటే ఇష్టమైన ఊరిని, దారి కాస్త చుట్టయినా సరే, మొదటి సగంలో పెడతాను. నాలుగు రోజులకొక ఖాళీ పూట కూడా ఉంచుతాను. గుడి తర్వాత గుడి కాకుండా మధ్యలో పడవ షికారో, చీరల కొట్టో పెట్టండి. మా అక్క అలక తీరింది బనారస్ చీరల సందులోనే.

ప్యాకేజీ మాటేమిటని అడుగుతారు. 2016లో ఒక ట్రావెల్స్ బస్సులో వెళ్లాం. కరపత్రంలో పదకొండు క్షేత్రాలు, తీరా ఒకచోట దిగితే నలభై నిమిషాలే ఇచ్చారు. దారిలో బస్సు ఆపితే వాళ్లకి పడే అదనపు ఖర్చు తక్కువ, కరపత్రంలో ఇంకో పేరు పడితే గిరాకీ ఎక్కువ. అందుకే పేర్లు పెరుగుతాయి, నిమిషాలు తగ్గుతాయి. అలాగని ప్యాకేజీలన్నీ దండగ అనను. 2023 మార్చిలో సికింద్రాబాద్ నుంచి మొదలైన భారత్ గౌరవ్ రైలు యాత్రలో పూరీ, కోణార్క్, గయ, కాశీ, అయోధ్య, ప్రయాగ ఎనిమిది రాత్రుల్లో చూపించేలా వేశారు. తొమ్మిది రోజులే సెలవున్నవాళ్లకి, ఇవేవీ చూడనివాళ్లకి, టికెట్ల టెన్షన్ పడలేనివాళ్లకి అది మంచి బేరం. కాకపోతే ఆ ఎనిమిది రాత్రులూ చాలక మా అత్తయ్యగారు ఒక్క కాశీకే తొమ్మిది అడిగారు. మీరు ఏ రకమో ముందు తేల్చుకోండి.

టికెట్ల దగ్గర

మేం వెళ్లినప్పుడు 120 రోజుల ముందు బుక్ చేసుకునే వీలుండేది, 2024 నవంబరు నుంచి అది 60 రోజులే. కాబట్టి ఊళ్ల గొడవ అంతకుముందే తేలిపోవాలి. అన్నిటికంటే దూరం వెళ్లే బండి ముందు, చిన్న ముక్కలు తర్వాత.

రైలు చార్జీ దూరం పెరిగేకొద్దీ కిలోమీటరుకి తగ్గుతుంది. అందుకే దారిని ముక్కలు చేసి కొంటే మొత్తం పెరుగుతుంది. రాజధాని, శతాబ్ది లాంటివి కాకుండా మామూలు బండ్లలో 500 కిలోమీటర్లు దాటిన టికెట్‌కి దారిలో ఒకసారి, వెయ్యి దాటితే రెండుసార్లు, రెండేసి రోజులు దిగి ఉండే వీలుంది. మొదటిసారి దిగేది 500 కిలోమీటర్లు వెళ్లాకే. బయలుదేరిన స్టేషన్‌కే తిరిగొచ్చే గుండ్రటి దారికి సర్క్యులర్ జర్నీ టికెట్ కూడా ఉంది, ఎనిమిది చోట్ల దాకా దిగొచ్చు. బెర్తులు మాత్రం ఏ బండికి ఆ బండికి విడిగా తీసుకోవాలి. పెద్ద స్టేషన్లో రిజర్వేషన్ ఆఫీసుకి వెళ్లి అడగండి, ఓపిక కావాలి.

అర్ధరాత్రి దాటాక వచ్చే బండికి తేదీ మారుతుంది. ఇది మీకు తెలుసు. నాకూ తెలుసు. అయినా రామేశ్వరం యాత్రలో 12.20 బండికి ముందురోజు తేదీ వేసి, ఐదు టికెట్లూ దండగ చేశాను. మ్యాపులో దారిలోనే ఉన్న ఊరు గడియారంలో దారిలో ఉండకపోవచ్చు. కాశీకి వెళ్తూ ప్రయాగలో దిగిపోదామని మొదట అనుకున్నాం. మేం చూసిన బండి అక్కడికి చేరేది అర్ధరాత్రి దాటాక. ఆ చలిలో అత్తయ్యగారితో ప్లాట్‌ఫాం మీద తెల్లారేదాకా కూర్చోలేక మానుకున్నాం. డిసెంబరు, జనవరిలో అయితే పొగమంచుకి బండ్లు గంటల తరబడి ఆలస్యమవుతాయి. ఒక బండి దిగి ఇంకోటి ఎక్కే ప్రయాణం ఆ రెండు నెలల్లో పెట్టుకోకండి.

పంపకం

ఇంటికొచ్చాక లెక్క తేల్చేటప్పుడు కూడా “తీసేస్తే” సూత్రమే వాడాను. ఎవరు రాకపోయినా అయ్యే ఖర్చు తలకింత. ఎవరైనా పట్టుబట్టి కలిపించిన మజిలీకి అదనంగా పడింది వాళ్లది. గయ అందరిదీ. పూరీ నా పట్టుదల కాబట్టి అక్కడి గదుల అద్దె మేమే పెట్టుకున్నాం. చీరలు ఎవరివి వాళ్లవి.

వింధ్యాచలం 700 మా అక్క అడిగిందని ఆమె పద్దులో రాశాను. “దర్శనం నువ్వూ చేసుకున్నావుగా” అంటుంది. “నేను అడగలేదుగా” అంటాను. బావగారు మధ్యలో దూరి సగం సగం అన్నారు. ఆ 350 ఇంకా నాకు రావాలి.